దోర్నకల్ దారిలో ఒక మజిలీ

(డయోసీసు శతవార్షికోత్సవ కూటములలో చేసిన ప్రసంగము)



సైకిలు యాత్రను గూర్చి ఇరువది నిమిషములు మాటలాడుమని కమిటీవారు మమ్మును కోరినారు. యాత్ర అంతయు చెప్పబోము. మూడువందల కిలోమీటర్ల దారిలో చూచినవన్నియు చెప్ప మొదలుపెట్టినయెడల భోజనపు గంట మ్రోగినను మా మాట ముగియదు. ఒక్క మజిలీని గూర్చి మాత్రము చెప్పెదము. ఇంటికి తిరిగి వచ్చిన తరువాత మేము ఎక్కడ కూడుకొన్నను, చర్చి వాకిట గాని, టీ కొట్టు దగ్గర గాని, మా సంభాషణలోనికి వచ్చుచున్నది ఆ ఒక్క చోటే.

మేము గోదావరి ఒడ్డువారము, ఒకే పాస్టరేటువారము. మాలో పెద్దవారు ఉద్యోగ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులు. ఆయనకు అరువది మూడేండ్లు. ఊరందరికిని ఆయన మాస్టారే. మాలో నలుగురము ఆయన బెత్తము రుచి చూచినవారము. ఆయన తరువాత ఒక కంపౌండరు, ఒక తపాలా ఉద్యోగి, ఒక దర్జీ. తక్కిన ఇద్దరు పెండ్లి కాని కుర్రవాండ్రు. ఒకడు కరెంటు పని చేయును, రెండవవాడు డిగ్రీ చదువుచున్నాడు. సైకిళ్లన్నియు గేర్లు లేని నల్ల సైకిళ్లు. కరెంటు కుర్రవానికి మంచి గేర్ల సైకిలు ఉన్నది గాని, అందరితోబాటు పోవలెనని దానిని ఇంటిలో ఉంచి తండ్రి సైకిలు తెచ్చినాడు.

దోర్నకల్ పెద్ద రైలు జంక్షను. టికెట్టు కొని కూర్చున్న ఒక పూటలో వచ్చు చోటికి సైకిళ్లపై ఏల అని మా ఇండ్లలో అందరును అడిగినారు. ఆలోచన మాస్టారిది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు బిషప్పుగా అభిషేకము పొందిన సంగతి మీకు మేము చెప్పనవసరము లేదు. ఆంగ్లికన్ సంఘములో ఆ స్థానమునకు వచ్చిన మొదటి భారతీయుడాయన. తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడు, 1909లో నిజాము రాజ్యములోని ఈ ఊరికి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకొని, ఎడ్లబండిపైనను సైకిలుపైనను పల్లె పల్లెకు తిరిగినారు. 1947కు పూర్వము మా కృష్ణా గోదావరి ప్రాంతపు సంఘములలో అనేకము దోర్నకల్ క్రిందనే ఉండెను. కావున మా తాతలకును ఆయనే బిషప్పు. మాస్టారి తండ్రిగారు ఆ కాలమున గ్రామోపదేశి. దోర్నకల్‌లో తర్ఫీదు పొందినవారు. కెథడ్రల్ చూపించెదను రమ్మని భార్యా బిడ్డలతో ఏటేట చెప్పుచు, జీతము చాలక ఏ యేడును తీసికొని రాలేకపోయినారట. ఆయన విడిచిపోయిన ఆస్తి ఒక సైకిలు. మాస్టారు ఎక్కినది ఆ సైకిలునే. చక్రములు, హ్యాండిలు, చైను ఎన్నోమార్లు మారినవి గాని ఫ్రేము తండ్రిగారిదే.

దోర్నకల్ కెథడ్రల్ ప్రత్యక్షత పండుగ పేర వెలసినది. ప్రతిష్ఠ జరిగినదియు ఆ పండుగ దినముననే, 1939 జనవరి 6న. కావున జనవరి 6 ఉదయపు ఆరాధనలో అక్కడ ఉండవలెనని మా సంకల్పము. తూర్పు దేశపు జ్ఞానులకు ఎన్ని దినములు పట్టినదో సువార్తికుడు వ్రాయలేదు. మేము మాత్రము నాలుగు దినములని లెక్క వేసికొన్నాము. 2వ తేదీ ఉదయము బయలుదేరి 5వ తేదీ రాత్రికి చేరుట, దినమునకు సుమారు డెబ్బది అయిదు కిలోమీటర్లు.

గత జనవరి 2న చీకటితోనే ధవళేశ్వరములో ప్రార్థన చేసికొని బ్యారేజీ ఎక్కినాము. మంచు ఎంత దట్టముగా ఉన్నదనగా ముందు సైకిలువాని గంట వినబడుటయేగాని మనిషి కనబడలేదు. విజ్జేశ్వరము వైపు దిగి, ఏలూరు కాలువ వెంట నిడదవోలు మీదుగా సాగినాము.

దిగుట విషయమై మా కంపౌండరు కొన్ని కట్టుబాట్లు పెట్టినాడు. గంటసేపు తొక్కినచో పది నిమిషములు దిగవలెను. దిగిన వెంటనే కూలబడరాదు, నాలుగడుగులు నడచి అప్పుడు కూర్చుండవలెను. దాహము వేయకముందే త్రాగవలెను, ఆకలి వేయకముందే తినవలెను. ఆకలి తెలిసిన తరువాత తిన్నది ఆ గంటకు పనికిరాదని ఆయన మాట. మజ్జిగలో ఉప్పు తప్పదు. సైకిళ్లను నీడనే నిలుపవలెను, ఎండలో నిలిపిన సైకిలుకు పాత ప్యాచీ ఊడుట మేమందరము ఎరిగినదే. కుర్రవాండ్రకు ఈ పది నిమిషములు సహింపవు. వాండ్రు దిగినట్లే దిగి చక్రములు తడుముచు, ఎప్పుడు ఎక్కుదుమా అని చూచుచుందురు.

మాస్టారు ఈ యాత్రకు ముందు ఒక సాయంకాలము మమ్మును కూర్చుండబెట్టి సంఖ్యాకాండము ముప్పది మూడవ అధ్యాయమును బిగ్గరగా చదివించినారు. మనలో చాలమంది దాటవేయు అధ్యాయమది. ఊళ్ల పేర్లు తప్ప మరేమియు కనబడదు. ఇశ్రాయేలీయులు ఒకచోటనుండి బయలుదేరిరి, మరియొకచోట దిగిరి. మరల బయలుదేరిరి, మరల దిగిరి. ఇట్లు నలువదికి పైగా చోట్లు. ఎన్ని మైళ్లు నడచిరో అందులో లేదు. దిగిన చోటు మాత్రము ఒక్కటియు విడువబడలేదు. ఏలీములో పన్నెండు నీటి బుగ్గలును డెబ్బది ఈతచెట్లును ఉండెనని, నిర్గమకాండములో ఒకమారు చెప్పినది చాలక, ఇక్కడ మరల చెప్పబడినది. దప్పిగొన్నవాడు నీడనిచ్చిన చెట్టును లెక్కపెట్టుకొనును గాబోలు. అప్పుడు మాకు అదంత పట్టలేదు.

తాడేపల్లిగూడెము దాటి భీమడోలు వైపు పోవుచుండగా, పదకొండు గంటల వేళ, మాస్టారు వెనుకబడినారు. ముందు పది బారల దూరము, తరువాత వంద బారలు, తరువాత మలుపు తిరిగిన మాకు కనబడనే లేదు. తపాలా ఉద్యోగి వెనుకకు పోయి చూడగా ఆయన సైకిలు దిగి నడిపించుకొని వచ్చుచున్నారు. కుడి మోకాలు ముందుభాగమున వాచి ఉన్నది. పడలేదు, దెబ్బ తగలలేదు. ఏమియు లేదు, కొంచెము పట్టినది, అంతే అన్నారు గాని, ముఖము చూచిన మాకు అర్థమైనది. చేరువలోనే కాలువమీద ఒక పాత లాకు, దానిపై గొడుగుపట్టినట్లు రెండు పెద్ద నిద్రగన్నేరు చెట్లు కనబడగా అక్కడికి చేర్చినాము. పది నిమిషములకు దిగిన ఆ చోటనే మరునాటి ఉదయము వరకు ఉండిపోయినాము.

లాకు అనగా ఏమిటో మా తరమువారికి తెలియును గాని ఇక్కడి పిల్లలు చూచి ఉండరు. కాటన్ దొరగారు ధవళేశ్వరము ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసినారు. ఆయన త్రవ్వించిన కాలువలు పొలములకు మాత్రమే గాక పడవలకును ఉద్దేశింపబడినవి. గోదావరి నుండి వచ్చు కాలువయు, కృష్ణ నుండి వచ్చు కాలువయు ఏలూరు దగ్గర కలియును. అట్లు కాకినాడ నుండి చెన్నపట్నము వరకు నీటిదారి ఏర్పడినది. ధాన్యము, కలప, ఉప్పు, పెండ్లివారు, మిషనరీ దొరలు, వారి పుస్తకముల పెట్టెలు, అన్నియు ఈ నీటిమీదనే నడచినవి. లారీలు వచ్చిన తరువాత పడవలు పోయినవి. 2008లో ఈ దారిని జాతీయ జలమార్గము 4 అని ప్రకటించినారు గాని మేము ఉన్న ఆ పూట గుర్రపుడెక్క తప్ప ఏదియు ఆ కాలువలో ప్రయాణము చేయలేదు.

లాకు దగ్గర కాపలా ఉన్న లస్కరు ఏబది దాటినవాడు. మా అవస్థ చూచి తన క్వార్టరు అరుగుమీద చాప వేసినాడు. ఇంటిముందు తులసికోట, గోడకు వెంకటేశ్వరస్వామి పటము. మేమెవరమో, ఎక్కడికి పోవుచున్నామో అడుగక ముందే చెంబుతో నీళ్లు తెచ్చి "కాళ్లు చాపుకోండి మాస్టారూ, మొగమాటపడకండి" అన్నాడు. మాస్టారని మేము చెప్పలేదు. ఆయనను చూచిన ఎవరికైనను ఆ మాటయే వచ్చునేమో.

కంపౌండరు మోకాలు నొక్కి చూచి, తడిగుడ్డ వేసి, ఈ పూటకు సైకిలు ఎక్కుటకు వీలులేదన్నాడు. అప్పటినుండి మొదలైనది చిక్కు.

మాస్టారు తానుగా అన్నారు: "నన్నిక్కడ బస్సెక్కించండి. ఏలూరులో రైలెక్కి దోర్నకల్ వచ్చేస్తాను. మీరు ఆగకండి. బెసోరు వాగు దగ్గర ఆగిపోయిన ఇన్నూరు మందిలో నన్నొకడిగా లెక్కేసుకోండి." సమూయేలు మొదటి గ్రంథము ముప్పదవ అధ్యాయము మీకు జ్ఞాపకము ఉండును. దావీదు ఆరువందల మందితో పోవుచుండగా ఇన్నూరు మంది అలసి వాగు దాటలేకపోయిరి. తక్కినవారు పోయి యుద్ధము గెలిచి వచ్చిరి. సామాను దగ్గర ఉన్నవారికిని సమాన భాగమే అని దావీదు కట్టడ చేసెను.

కరెంటు కుర్రవాడు దీనికి వెంటనే ఒప్పుకొన్నాడు. "మీ సైకిల్ కూడా మేం పక్కన పట్టుకుని తెచ్చేస్తాం మాస్టారూ, అక్కడ మళ్లీ ఎక్కుదురుగాని" అన్నాడు. వానిది రాతి గుండె కాదు. ఒక చేత్తో తన హ్యాండిలు, ఒక చేత్తో రెండవ సైకిలు హ్యాండిలు పట్టుకొని రెండువందల యేబది కిలోమీటర్లు పోవుటకు సిద్ధపడినవాడు వాడు. తపాలా ఉద్యోగియు అదే సబబన్నాడు. దావీదే విడిచి పోయినప్పుడు మనకేమి అని ఆయన వాదము.

డిగ్రీ కుర్రవాడు ఏమియు అనలేదు గాని వాని జేబులో ఒక కవరు ఉన్నదని మాకందరికిని తెలియును. వాని తల్లి ఆ ముందటి యేడు ఆరు నెలలు మంచముపై ఉండి లేచినది. ప్రత్యక్షత పండుగ ఆరాధనలో, కెథడ్రల్ బలిపీఠము ముందు, కృతజ్ఞతార్పణగా వేయుమని ఆమె కూడబెట్టిన డబ్బు ఆ కవరులో ఉన్నది. ఇక్కడ ఒక పూట పోయినచో 6వ తేదీ ఉదయము అందదు. మాస్టారికి అదియు తెలియును. అందుకే పొండి పొండి అని ఆయన తొందర.

మాలో మాట పెరిగినది. దైవసన్నిధికి పోవుచున్న ఆరుగురు, ఊరుగాని ఊరిలో, పరాయివాని అరుగుమీద కూర్చుండి గొంతులు పెంచుట ఏమంత అందముగా లేదు. లస్కరు కొంతసేపు విని, "ఆయ్, లాకు చూద్దురుగాని రండి" అని కుర్రవాండ్రను లేవదీసికొని పోయినాడు. మేమును వెంట నడచినాము. తలుపులు, తూములు చూపించి వాడు చెప్పిన మాటలు ఇవి:

"ఇందులో ఇంద్రజాలం ఏం లేదండి. కింద కాలవలోంచి పడవ ఈ గదిలోకి వొస్తాది. ఎనక తలుపులు మూసేస్తాం. ముందు తలుపుల్లో తూము తీస్తాం. పైనీళ్లు దిగి గది నిండుద్ది, నీళ్లతో పాటు పడవ లేస్తాది. పడవోళ్లు ఊరికే కూర్చుంటారంతే, చుట్ట కాల్చుకుంటా. కొందరు తొందరపడేవోరంట, తలుపు తియ్యమని. మా నాయన చెప్పేవోడు, అటూ ఇటూ నీళ్లు సమానం కాకుండా పదిమంది తోసినా తలుపు కదలదండి. సమానమైందా, ఒక్క మడిసి చాలు."

కరెంటు కుర్రవాడు తలుపు దూలముపై చేయి వేసి తోసి చూచినాడు. అది కదలలేదు. నీరు సమానము కాక కాదు, తుప్పు పట్టి.

ఆ మధ్యాహ్నము మరియొక మేలు జరిగినది. మాస్టారి మోకాలికి కారణము ఏమై ఉండునా అని కంపౌండరు ఆలోచించుచు ఆయన సైకిలును లాకు అవతలి సైకిలు షాపుకు నడిపించుకొని పోయినాడు. షాపు అనగా ఒక తాటాకు పాక, ఒక గాలిపంపు, ఒక నీళ్ల తొట్టి. ఆ షాపతను మాస్టారిని పిలిపించి సీటుమీద కూర్చుండబెట్టి, గోడ పట్టుకోమని, పెడలు అడుగుకు వచ్చినప్పుడు కాలు ఎట్లున్నదో చూచినాడు. "సీటు పల్లంగా ఉందండి. కాలు సాగట్లేదు. పెడలు కిందకొచ్చినప్పుడు కాలు కొంచెం వంగితే చాలు, ఇంత వంగకూడదు. తొక్కిన బరువంతా మోకాలి చిప్ప మీదే పడతాంది" అన్నాడు. సంగతి ఏమనగా మాస్టారి తండ్రిగారు పొట్టివారు. ఆయన ఎత్తుకు దింపిన సీటు పిల్లరు ఫ్రేములో తుప్పు పట్టి బిగిసి ఏండ్లు గడిచినవి. బజారుకును బడికిని పోవునప్పుడు ఆ రెండంగుళముల తేడా ఆయనకు తెలిసినది కాదు. ఏబది కిలోమీటర్లు తొక్కినప్పుడు తెలిసినది.

షాపతను సీటు ఊడదీసి, పిల్లరు చుట్టును కిరసనాయిలు పోసి, రాత్రంతయు నాననీయవలెను, ఇప్పుడు కొట్టిన ఫ్రేము పగులునన్నాడు. ఫ్రేము పగులునన్న మాట వినగానే మాస్టారు రెండు చేతులు అడ్డము పెట్టినారు. ఇక రాత్రి అక్కడ ఉండక తప్పదు, కనీసము ఆయనకు.

సాయంకాలమునకు కాలువ అవతల పేటలోని సంఘమువారికి మా సంగతి తెలిసినది. ఎట్లు తెలిసినదో తెలియదు. లస్కరే కబురు పంపి ఉండును. ఒక వృద్ధురాలు ఇద్దరు కోడండ్రను వెంటబెట్టుకొని అన్నము, కొల్లేటి చేపల పులుసు, మజ్జిగ తెచ్చినది. మనిషికి ఎంత అని లెక్కచూడక, ఆరుగురికి పన్నెండుగురి అన్నము. "తినండి నాయనా, దారిన పోయేవోళ్లు ఆగేది మా అదృష్టం. ఇయ్యాల ఎవురాగుతున్నారు, అందరూ ఝామ్మని ఎల్లిపోయేవోళ్లే" అన్నది. పాత దినములలో పడవల మీద వచ్చు దొరసానులు ఈ లాకు దగ్గర ఆగినప్పుడు, నీరు నిండులోపల తన నాయనమ్మకును ఆ పేట స్త్రీలకును బైబిలు బొమ్మలు చూపి కథలు చెప్పెడివారట. ఆ పేటలో సంఘము పుట్టినది అట్లే అని ఆమె వినికిడి. పడవ ఆగనియెడల ఆమె తన పేటకు సువార్త రాకపోవుననియే నమ్ముచున్నది. చరిత్రకారులు దీనికేమందురో గాని మేము ఆమెతో వాదింపలేదు, నోటి నిండ చేపల పులుసు ఉన్నది.

రాత్రి వారి చిన్న గుడిలో చాపలపై పడక. పడుకొనకముందు ప్రార్థన. ప్రార్థన అయిన తరువాత మాస్టారు మరల మొదలుపెట్టినారు: "తెల్లవారగానే మీరు వెళ్లాలి. అబ్బాయి కవరు సంగతి ఆలోచించండి." తపాలా ఉద్యోగి మరల దావీదును తెచ్చినాడు.

అప్పుడు దర్జీ నోరు విప్పినాడు. ఆయన మాటలాడుట బహు అరుదు. కమిటీ మీటింగులలో మూడేండ్లకొకమారు మాటలాడునని మాలో వేళాకోళము. ఆయన చెప్పినది యాకోబు సంగతి. ఏశావు తనతో కలిసి ముందుకు పోవుదము రమ్మని పిలిచినప్పుడు యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, పాలిచ్చు మందలున్నవి, ఒక్కదినము వడిగా తోలినయెడల మంద చచ్చును, వాటి నడకకొలది మెల్లగా వత్తునని చెప్పెను. దర్జీ అన్నది ఇంతే: "దావీదు యుద్ధానికి పోతున్నాడు. యాకోబు ఇంటికి పోతున్నాడు. మనం ఏ పని మీద పోతున్నామో చూసుకుంటే సరిపోద్ది." అని చెప్పి గోడవైపు తిరిగి పడుకొన్నాడు. పండితుడు చెప్పినను ఇంతకంటె చక్కగా చెప్పలేడని మా అభిప్రాయము. ఆయన మాత్రము తాను ఏదో గొప్ప మాట చెప్పినట్లు ఎన్నడును తలచినట్లు లేదు.

తపాలా ఉద్యోగి ఇక ఏమియు అనలేదు. కరెంటు కుర్రవాడు లేచి బయటికి పోయి చాలసేపు కాలువ గట్టున కూర్చున్నాడు. వానికి కోపము వచ్చినది. దానిని దాచుట ఏల? నెలరోజులు ముందుగా సెలవు అడిగి, పని మానుకొని, పండుగ ఆరాధన కొరకు వచ్చినవాడు. వాని కోపములో న్యాయము లేదని మేము అనజాలము.

డిగ్రీ కుర్రవానిని అందరము బ్రతిమాలినాము. నీవు మాత్రము పొమ్ము, నీది మ్రొక్కుబడి వంటిది, తల్లి మాట, తప్పు పట్టువాడెవడును లేడన్నాము. వాడు కవరు తీసి చేతిలో అటు ఇటు త్రిప్పి, "మా అమ్మ ఆరు నెలలు మంచం మీదున్నప్పుడు ఎవరూ మమ్మల్ని వదిలి ముందుకెళ్లిపోలేదండి. మాస్టారు రోజూ వచ్చి కూర్చునేవారు. ఈ డబ్బు ఆయన్ని వదిలేసి తీసుకెళ్లి వేస్తే అమ్మ ఊరుకోదు" అన్నాడు. కవరు మరల జేబులో పెట్టుకొన్నాడు. మాస్టారు ఆ చీకటిలో దుప్పటి ముసుగు వేసికొన్నారు.

తెల్లవారి షాపతను పాకలో సుత్తి చప్పుడుతో మాకు మెలకువ వచ్చినది. పిల్లరుకు చెక్క ఆనించి మెల్లమెల్లగా తట్టి, పటకారుతో అటు ఇటు తిప్పి, ఒక గంటకు కదిలించినాడు. కిరసనాయిలుతో కలిసి ఎర్రని తుప్పు బురదగా వచ్చినది. ఇసుకకాగితముతో రుద్ది, గ్రీజు రాసి, సీటు రెండంగుళములు పైకెత్తి బిగించినాడు. ఫ్రేముకు చిన్న గీత కూడ పడలేదు. ఎంత ఇవ్వవలెనని అడిగితే, "గాలి కొట్టినందుకు ఇవ్వండి చాలు" అన్నాడు. ఆరు సైకిళ్లకు గాలి కొట్టిన లెక్క కట్టి, దానిమీద కొంత కలిపి బలవంతముగా వాని చేతిలో పెట్టినాము. లస్కరు మాత్రము ఏమియు పుచ్చుకొనలేదు. దోర్నకల్‌లో తన పేరు చెప్పి ఒక దండము పెట్టుమన్నాడు. పెట్టినాము.

వాపు కొంత తీసినది గాని పూర్తిగా తగ్గలేదు. కంపౌండరు పట్టీ కట్టి, ఆ దినము ముప్పది అయిదు కిలోమీటర్లు మించరాదని, గంటకు కాదు, ముప్పావుగంటకొకమారు దిగవలెనని శాసించినాడు. కొత్త ఎత్తున సీటెక్కుట మాస్టారికి మొదట భయమైనది, ఆగినప్పుడు పాదము నేలకు పూర్తిగా ఆనుట లేదు. డిగ్రీ కుర్రవాడు ప్రక్కన నడచుచు ఫర్లాంగు దూరము సీటు వెనుక పట్టుకొన్నాడు. పిల్లవానికి సైకిలు నేర్పునప్పుడు పట్టుకొన్నట్లు. ఆ పిల్లవానికి అక్షరములు దిద్దించినవారు ఆయనయే.

ఆ పిమ్మట దారి సంగతి చెప్పుటకు పెద్దగా ఏమియు లేదు. ముందుండు స్థానము మాస్టారికిచ్చి, ఆయనను ఎవరును దాటరాదని నియమము పెట్టుకొన్నాము. బెజవాడ చేరుసరికి కరెంటు కుర్రవాని కోపము చల్లారినది. ఊరి మొదట ట్రాఫిక్‌లో మాస్టారికి ముందు చేయి చాచి లారీలను ఆపినవాడు వాడే. మధిర దగ్గర రెండు పంచర్లు. ఖమ్మము దాటిన తరువాత ఎదురుగాలి. దోర్నకల్ చేరునప్పటికి 6వ తేదీ సాయంకాలము నాలుగు గంటలైనది. ఆరాధన ఉదయముననే ముగిసినది. కెథడ్రల్ ఆవరణములో తోరణములు విప్పుచున్నారు.

గుమ్మటములును, బురుజులును, మండపమువంటి స్తంభములును గల ఆ ఆలయమును మీరు చిన్ననాటినుండి చూచినవారు గనుక వర్ణింపము. సాయంకాలపు ఎండ దానిమీద పడుచున్నది. మాస్టారు సైకిలును లోపలికి నడిపించుకొని పోవచ్చునా అని అక్కడ ఉన్నవారిని అడిగినారు. ఆలయములోనికి సైకిలేమిటని వారు మొదట నవ్వి, కారణము విని, మెట్ల వరకు తెమ్మన్నారు. మెట్ల దగ్గర దానిని స్టాండు వేసి, ఆయన చేతిరుమాలుతో ఫ్రేము తుడిచి, లోపలికి వెళ్లినారు. డిగ్రీ కుర్రవాడు అక్కడి గురువుగారికి కవరు అప్పగించి జరిగినది చెప్పగా, ఆయన మా ఆరుగురిని బలిపీఠము ముందు మోకరింపజేసి ఆ కానుకను విడిగా ప్రతిష్ఠించినారు. మాస్టారు మోకరించలేకపోయినారు, మోకాలు వంగలేదు. నిలువబడియే ఉన్నారు. గురువుగారు వలదనక ఆయన తలపై చేయి ఉంచినారు.

తిరుగు ప్రయాణము రైలులో, సైకిళ్లు బ్రేకు వ్యానులో.

మాస్టారి మోకాలు మూడు వారములకు పూర్తిగా నయమైనది. సైకిలు సీటు ఇప్పటికిని షాపతను బిగించిన ఎత్తుననే ఉన్నది. ఆయన మనుమడు దానిని ఎక్కబోయి, కాళ్లు అందక, సీటు దింపమని గోల చేయుచున్నాడు. పిల్లరుకు గ్రీజు ఉన్నది గనుక దింపుట కష్టము కాదు. కాని వాడే కొంత ఎదుగునని మాస్టారు చెప్పుచున్నారు.